సమాధుల నడుమ ఛాయాగ్రాహకుడు

గుత్తి కోటకొండ పాదాన, దొరల సమాధులున్న ఒక పాత ఆవరణ ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక మాఘమాసపు ఉదయం నేనక్కడ కెమెరా పట్టుకొని, మోకాళ్ళమీద కూర్చొని ఒక రాతిపలకను పరీక్షిస్తూ ఉండగా, మేకలను తోలుకొనిపోతున్న ఒక ముసలమ్మ ఆగినది. చాలాసేపు నన్ను కనిపెట్టి చూచి, చివరకు ఉండబట్టలేక అడిగినది.

“ఏం నాయనా, పెండ్లిండ్లకు పటాలు తీసేవాళ్ళను చూసినా గానీ, బొందలగడ్డలో పటాలు తీసేవాన్ని నిన్నే చూస్తా ఉండా. ఈడ మీవాళ్ళెవరన్నా ఉండారా?”

“లేరవ్వా” అన్నాను.

“మరి ఎవరికోసరం?” అన్నది.

దానికి వెంటనే చెప్పదగిన సమాధానం నాకు దొరకలేదు. ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనది. మన ఇండ్లలో శ్మశానమనేది అవసరం పడినప్పుడు పోయి, స్నానం చేసి మరచిపోవలసిన చోటు. మిట్టమధ్యాహ్నం అటువైపు పోవద్దని పిల్లలను బెదిరిస్తాము. ఊరిలో హరిశ్చంద్ర నాటకమాడినప్పుడు, తెల్లవారుజామున కాటిసీను వచ్చి, జాషువాగారి శ్మశానవాటి పద్యాలు వినేవరకు కదలని జనమే, తెల్లవారిన తరువాత నిజమైన కాటివైపు తలత్రిప్పి చూడదు. గాలిలో మాట కలిపి జీతం పుచ్చుకొనే నావంటి రేడియో ఉద్యోగికి రాళ్ళతో, అందులోనూ చచ్చినవారి రాళ్ళతో, ఏమి పని? ఆ అవ్వకు ఆనాడు చెప్పలేకపోయిన సమాధానాన్ని ఈ ప్రసంగంలో కొంతవరకైనా చెప్పవలెనని నా ప్రయత్నం.

ఆ ఆవరణకు వచ్చేవారు సాధారణంగా చూచిపోయేది ఒక్క సమాధినే. అది సర్ థామస్ మన్రోది. 1761లో గ్లాస్గో నగరంలో పుట్టిన ఈ స్కాట్లండు దేశీయుడు, 1800లో నిజాం ఈ సీమను కుంపిణీవారికి వదలిపెట్టినప్పుడు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వరకు ఇక్కడ పనిచేసినాడు. ఈ ప్రాంతానికి రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో వచ్చినది కాని, మన్రో నాటికి ఇవి ఒకరు మరొకరికి ధారపోసిన మండలాలు మాత్రమే. పాళెగాండ్రను అణచినవాడు అతడే; రైతు పేర భూమిని కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు లెక్క కుదుర్చుకొనే పద్ధతిని ఇక్కడ నాటినవాడూ అతడే. 1820లో మద్రాసు గవర్నరై వచ్చినాడు. పదవినుండి దిగిపోయే ముందు తాను పనిచేసిన సీమను చివరిసారి చూచుకొనవలెనని పర్యటనకు బయలుదేరి, 1827 జూలై 6వ తేదీన పత్తికొండ మజిలీలో కలరా సోకి మరణించినాడు. శవాన్ని గుత్తికి తరలించి, ఈ కొండ క్రింద పాతిపెట్టినారు.

కథ అక్కడితో ముగియలేదు. 1831లో ఆ అవశేషాలను త్రవ్వితీసి మద్రాసు కోటలోని సెంట్ మేరీ చర్చికి చేర్చినారు. కనుక గుత్తిలో మనం చూచే సమాధిలో మన్రో లేడు. ఉండినది నాలుగు సంవత్సరాలకు కొంచెమటూ ఇటూ. ఐనా ఆ రాయిని చూడటానికి జనం వస్తూనే ఉన్నారు. మద్రాసులోని అసలు సమాధిని మన సీమవారెందరు చూచినారో చెప్పలేను గాని, గుత్తిలోని ఖాళీ సమాధి మాత్రం ఇక్కడివారికి బాగా గుర్తు. అతడు పోయిన పత్తికొండలో అతని జ్ఞాపకార్థం తోపు వేయించి, బావి త్రవ్వించినారు. కొన్ని ఇండ్లలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. మంత్రాలయంలో అతనికి రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చి మాట్లాడినారనే ఐతిహ్యం నేటికీ చెప్పుకొంటారు. చరిత్రకారుడు ఆ ఐతిహ్యాన్ని శిస్తులెక్కల ప్రక్కన పెట్టి తూచబోతే చిక్కే. కాని ఒక సీమ తన అధికారిని ఏ విధంగా తన కథలలోకి చేర్చుకొన్నదో తెలియజెప్పే సాక్ష్యంగా దానికి విలువ ఉన్నది.

నేను మొట్టమొదట గుత్తిలో తీసిన ఛాయాచిత్రం ఆ ఖాళీ సమాధిదే. తరువాత దానిని చూచుకొంటే పెద్దగా తృప్తి కలగలేదు. పెద్దవారి సమాధులు ఇదివరకే ఎందరో తీసినారు. వాటిమీది మాటలు గ్రంథాలలో ఎక్కినవి. మద్రాసు రాజధానిలోని ఇంగ్లీషువారి సమాధుల మీది రాతలను జూలియన్ జేమ్స్ కాటన్ అనే సివిల్ ఉద్యోగి ఏర్చి కూర్చి 1905లో అచ్చువేసినాడు. అది గొప్ప పని. ఐతే ఆ గ్రంథం పేరులోనే ఉన్నది – చారిత్రక ప్రాముఖ్యం గల సమాధుల పట్టిక అని. ప్రాముఖ్యం లేనివారి మాటేమిటి? మన్రో సమాధి చూచి వెనుకకు తిరిగే దారిలో నా కాలికి తగిలినవి ఆ రెండవ రకపు రాళ్ళే. సిపాయిల మీద పైవాళ్ళు, వాళ్ళ భార్యలు, కొలువు చేయటానికి వచ్చి ఏడాది తిరగకముందే నేలపాలైన పడుచువాళ్ళు, చంటిబిడ్డలు. ఇంగ్లీషువారిలో ఒక పాత మాట ఉండేది – ఈ దేశానికి వచ్చినవాని ఆయుస్సు రెండు వానకాలాలేనని. ఆ మాటనే పేరుగా పెట్టి థియన్ విల్కిన్సన్ 1976లో ఈ సమాధులను గురించి ఒక పుస్తకం వ్రాసినాడు. ఆ సంవత్సరమే దక్షిణాసియాలోని ఐరోపావారి శ్మశానాలను గురించి పట్టించుకొనే ఒక సంఘాన్ని లండనులో నెలకొల్పినాడు.

అవ్వ నన్ను ప్రశ్నించినప్పుడు నేను చూస్తున్న పలక ఆ చిన్నవారిలో ఒకరిది. నిలువుగా నాటిన రాయి, ముఖం ఉత్తరానికి. అక్షరాలున్నవని వ్రేలితో తడిమితే తెలుస్తున్నది గాని కంటికి కనబడటం లేదు.

ఇక్కడ కొంచెం పనివివరం చెప్పక తప్పదు. చెక్కిన అక్షరమంటే ఒక చిన్న గుంట. గుంటను కన్ను గుర్తించేది దానిలోని నీడను బట్టి. మధ్యాహ్నపు ఎండ ఎదురుగా పడినప్పుడు గుంటకూ గట్టుకూ భేదం ఉండదు; రాయి అంతా ఒక్కటే తెలుపు. ప్రొద్దున గాని సాయంకాలం గాని వెలుగు ప్రక్కనుండి, రాతిని ఒరుసుకొన్నట్లు వచ్చినప్పుడు ప్రతి గీతకూ ఒక అంచున నీడ పుడుతుంది; లేదనుకొన్న అక్షరం లేచి కూర్చొంటుంది. పగలల్లా చూచినా చిక్కని పేరు, ప్రొద్దు క్రుంకే ముందు పది నిమిషాలు కనబడి మాయమైన సందర్భాలు నాకు చాలా ఉన్నవి. ఆ పది నిమిషాల కోసం ఎండలో నిరీక్షించటమే ఈ వ్యసనంలోని రుచి అని ఒప్పుకొంటాను. వేటగాడి ఓపికకూ దీనికీ దగ్గరి చుట్టరికమున్నది. చంపవలసిన పని లేదు, అంతే.

ఉత్తరముఖంగా ఉన్న రాయికి ఆ పది నిమిషాలు కూడా చలికాలంలో దొరకవు, సూర్యుడు దక్షిణంగా పోతాడు కనుక. దానికి ఒక ఉపాయం అద్దం. ఎండలో నిలిచిన మనిషి ముఖం చూచుకొనే అద్దంతో వెలుగును ప్రక్కనుండి రాతిమీదికి త్రోయవలె. ఆనాడు నా వెంట ఎవరూ లేరు. “అవ్వా, ఈ అద్దం కాస్త పట్టుకొంటావా?” అని అడిగినాను. ఆమె కర్ర చంకలో పెట్టుకొని అద్దం అందుకొన్నది. నేను చెప్పినట్లు అటూ ఇటూ త్రిప్పుతూ ఉండగా, ఒక చోట వెలుగు సరిగా ఒరిసి, పలక క్రిందిభాగంలో రెండు పంక్తులు పైకి వచ్చినవి.

“ఏం రాసినారు నాయనా?”

“ఏడు నెలల బిడ్డ అవ్వా.”

ఆమె కొంచెంసేపు మాటాడలేదు. తరువాత “పేరు లేదా?” అన్నది.

“పైన ఉండినట్లుంది. పోయింది.”

“పోయిందని ఎట్ల చెప్తావు? ఇంగో పక్క నుంచి పట్టుకుంటా, చూడు” అన్నది. పట్టుకొన్నది కూడా – ఎడమనుండి, కుడినుండి, పైనుండి. మేకలు ప్రక్క చేలోకి దిగినవి; ఎవరో కేకలు వేసినారు; ఆమె లక్ష్యపెట్టలేదు. పేరు రాలేదు. సంవత్సరంలో మొదటి రెండు అంకెలు, 18 అనేవి మాత్రం కనబడినవి. చివరకు అద్దం నా చేతికిచ్చి, మేకల కోసం పరుగెత్తినది. ఎవరికోసరం అని మళ్ళీ అడగలేదు.

కెమెరాకూ సమాధికీ గల స్నేహం కొత్తది కాదు. ఛాయాగ్రహణవిద్య లోకానికి వెల్లడి అయినది 1839లో. ఆ తొలినాళ్ళలో బొమ్మ పడవలెనంటే చాలినంత ఎండ, కదలని వస్తువు కావలె. ఎడింబరో పట్టణంలో డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అనే చిత్రకారుడు, రాబర్ట్ ఆడమ్సన్ అనే యువకుడు 1843 నుండి కలిసి పనిచేసినారు. వారు గ్రేఫ్రయర్స్ శ్మశానంలో పెద్దమనుషులను, పడుచులను సమాధుల నడుమ నిలిపి, కూర్చోబెట్టి తీసిన చిత్రాలు నేటికీ ఆ విద్యలో మేలుబంతులుగా నిలిచినవి. సమాధికి ఆనుకొన్న మనిషి కదలకుండా ఉండగలడు. ఆరుబయట వెలుగుకు కొదవ లేదు. కళకు పుట్టిల్లు శ్మశానమైనదంటే అతిశయోక్తి గాని, బాల్యంలో అక్కడ ఆడుకొన్నదనటంలో తప్పులేదు.

మన చేరువకు వస్తే, తుంగభద్రకు ఎగువన హంపీ శిథిలాలను 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికోద్యోగి మైనం పట్టించిన పెద్ద కాగితాల మీద తీసినాడు. ఆ కాగితపు ప్రతులు చాలాకాలం మరుగున పడి, మళ్ళీ బయటపడినవి. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుడు ఆ పాత చిత్రాలను చేత పట్టుకొని, గ్రీన్‌లా తన కెమెరా నిలిపిన చోట్లనే తిరిగి నిలిచి అవే దృశ్యాలను తీసినాడు. రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి తెలుస్తుంది: నూట ఇరువదియేడు సంవత్సరాలలో ఏ కంబం ఒరిగినది, ఏ గోపురపు ఇటుకలు రాలినవి, ఏవి తిరిగి కట్టబడినవి. ఒక చిత్రమైతే అది అందం. అదే చోట రెండవది తీసినప్పుడు అది లెక్క అవుతుంది. గోలకొండ సుల్తానుల సమాధులను లాలా దీన్ దయాళ్ తీసిన చిత్రాలకూ ఆ విలువే ఉన్నది.

ఇక ఆదోని. 1953 వరకు ఇది బళ్ళారి జిల్లాలోని తాలూకా. ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మనకు వచ్చినది. విజయనగరం పడిపోయిన తరువాత ఆదోని దుర్గం బిజాపూరు సుల్తానుల చేతికి చిక్కినది. వారి తరఫున ఇక్కడ పాలించినవారిలో హబషీలు, అనగా ఆఫ్రికా ఖండపు అబిసీనియానుండి వచ్చినవారు, ముఖ్యులు. వారిలో మలిక్ రహమాన్ ఖాన్ గోరీ తాలిబండ కొండ మీద ఉన్నది. ఆ తరువాతి సిద్దీ మసూద్ ఖాన్ కట్టించినదే ఆదోని జామియా మసీదు. 1688 ప్రాంతాన ఔరంగజేబు సేనలు దుర్గాన్ని ముట్టడించినప్పుడు ఫిరంగులను మసీదు మీదికి గురిపెట్టినారనీ, దానికి దెబ్బ తగులుతుందన్న భయంతోనే సిద్దీ మసూద్ లొంగిపోయినాడనీ చెప్పుకొంటారు. పదునెనిమిదవ శతాబ్దిలో మొదటి నిజాం కుమారుడు బసాలత్ జంగ్ ఆదోనిని జాగీరుగా ఏలి 1782లో మరణించినాడు. అతనికీ అతని తల్లికీ ఇక్కడ సమాధులున్నవి. అతడు పోయిన నాలుగేండ్లకే, 1786లో, టిప్పు సుల్తాను వచ్చి దుర్గాన్ని పట్టి, ప్రాకారాలను పాడుచేయించినాడు.

నవాబుల కట్టడాలను చూడటానికి జనం వెళ్తారు. నాకు మాత్రం ఆదోని కొండల క్రింది పేరులేని గోరీలమీద మనసు పోతుంది. వాటిమీద రాత ఉండటం అరుదు. అక్షరం లేనంతమాత్రాన అవి మూగవి కావు. కొన్నింటి నెత్తిన కలందాన్ వంటి, అనగా కలాలపెట్టె వంటి, చిన్న దిమ్మ చెక్కి ఉంటుంది. అది పురుషుని గోరీ. కొన్నింటిమీద పిల్లలు వ్రాసుకొనే పలక వంటి చదునైన గుర్తు, అది స్త్రీది. కలం వ్రాసేది, పలక వ్రాయించుకొనేది అని ఆ కాలపువారి భావం కాబోలు. ఆ భావంతో మనం ఏకీభవించనక్కరలేదు. కాని ఒక గుర్తు తెలిసిన మరుక్షణం, అంతవరకు రాళ్ళగుంపుగా కనబడిన చోట ఒక తల్లి, ఒక తండ్రి, వారి నడుమ మూరెడు పొడవైన మరొక చిన్న గోరీ – ఒక ఇల్లు కనబడుతుంది. కెమెరా కంటికి ఇట్టి పొందికలు త్వరగా దొరుకుతవి, అది నాలుగు అంచుల నడుమ చూస్తుంది కనుక.

ఒక చిత్రమైన సంగతి. ఈ గోరీలకు హాని చేసేది పగవాడే కానక్కరలేదు. ఏటేటా భక్తితో కొట్టే సున్నం గీతలను పూడ్చివేస్తుంది. పది పొరల సున్నం క్రింద పూవో, కలమో, పలకో పోల్చుకొనటం కష్టం. మా ప్రాంతంలో తేలికగా దొరికే నాపరాయి కూడా పొరలు పొరలుగా లేచిపోయే గుణం కలది. పొరతోబాటు పేరూ పోతుంది.

పగవాడూ లేకపోలేదు. అతని పేరు గుప్తనిధి. సమాధి క్రింద బంగారం ఉంటుందనే భ్రాంతి మన సీమలో ఎన్ని రాళ్ళను పెకలించినదో! కొండవాలున ‘పాండవగుళ్ళు’ అని మన పల్లెవారు పిలిచే బండరాతి గూళ్ళు, రెండువేల ఏండ్లకు పైబడిన శ్మశానాలు, చాలాచోట్ల త్రవ్విపడవేయబడినవి. వాటిలో ఉండేవి కుండలు, ఇనుప కత్తులు, ఎముకలు. బంగారం కోసం వచ్చినవాడు కుండను పగులగొట్టి పోతాడు. 2019 జూలైలో ఆనెగొంది దగ్గర తుంగభద్ర నడుమనున్న నవబృందావనంలో వ్యాసరాజులవారి బృందావనాన్నే రాత్రివేళ పడగొట్టి త్రవ్వినారు. శతాబ్దాలుగా పూజలందుకొంటున్న పుణ్యస్థలమది. భక్తులు రోజుల వ్యవధిలోనే తిరిగి నిలిపినారు. భక్తులున్న చోట అది సాధ్యమైనది. దిక్కులేని గోరీని ఎవరు నిలుపుతారు?

బృందావనమన్నప్పుడు ఒక మాట. మంత్రాలయంలో 1671లో రాఘవేంద్రులు ప్రవేశించిన బృందావనాన్ని ఈ సమాధుల వరుసలో చేర్చి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అక్కడ స్వామి జీవించి ఉన్నారని నమ్మేవారి మధ్యనే పుట్టి పెరిగినాను. కాని ఆ మంచాల గ్రామాన్ని స్వామికి ఇచ్చినవాడు ఆదోని నవాబు సిద్దీ మసూద్ ఖానేనని సంప్రదాయం చెబుతున్నది. ఆఫ్రికా సంతతివాడు, బిజాపూరు కొలువువాడు, మాధ్వయతికి నేల ఇచ్చినాడు. ఈ సీమ చరిత్ర అంతా ఇట్టి ముడులే.

ఆ మంత్రాలయానికి చేరువనే తుంగభద్ర ఒడ్డున మాధవరం ఉన్నది. మా ఊరు అది. దొరల సమాధుల మీద, నవాబుల గోరీల మీద ఇన్ని మాటలు చెప్పినవాడు సొంతవారి సంగతి చెప్పకపోతే బాగుండదు. మా ఇండ్లలో పెద్దలను దహనం చేస్తారు, అస్థికలు నదిలో కలుస్తవి, రాయి నిలుపరు. పసిపిల్లలను మాత్రం దహించరు, పూడ్చిపెడతారు. నా తరువాత పుట్టిన తమ్ముడు పదినెలల వాడై జ్వరంతో పోయినాడు. నాకప్పుడు నాలుగేండ్లు. ఏటిగట్టున ఒక తుమ్మచెట్టు మొదట పెట్టి, మీద రాళ్ళు పేర్చినారని తరువాత విన్నాను. వానికి పేరు పెట్టి ఉండినారు గాని, ఆ పేరు మా ఇంటిలో ఎవరూ పలుకరు. వానికి ఫొటో లేదు. ఫొటో తీయించటానికి ఎమ్మిగనూరికో ఆదోనికో పోవలసిన రోజులవి. తీరికగా పోదామనుకొంటూ ఉండగానే అయిపోయినది.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి, మంత్రాలయం, కర్నూలు నగరం మునిగిన సంగతి శ్రోతలకు గుర్తు ఉండే ఉంటుంది. నీరు తీసిన తరువాత నేను ఊరికి పోయినాను. ఇల్లు శుభ్రం చేస్తున్న మా అమ్మ, చీపురు ప్రక్కన పెట్టి, ఏటివైపు పోదాం రమ్మన్నది. ఆమె ఎప్పుడూ అటు పోగా నేను చూడలేదు. గట్టు కోసుకొనిపోయి, అంతా కొత్త ఇసుక. తుమ్మచెట్టు లేదు. ఆమె కొంతసేపు అటూ ఇటూ నడిచి, గుర్తులు లెక్క కట్టుకొని, ఒకచోట నిలిచి, “ఇక్కడే” అన్నది. నా దగ్గర ఒక చిన్న కెమెరా ఉండినది; వరదనష్టం తీయటానికి తెచ్చుకొన్నది. ఏమనుకొన్నానో తెలియదు గాని, ఆ ఇసుకను ఒక చిత్రం తీసినాను. దానిలో ఇసుక, దూరాన నీళ్ళు, ఒక మూల మా అమ్మ నీడ మాత్రమే ఉన్నవి. మా ఇంటిలో వానికి సంబంధించిన చిత్రం అదొక్కటే. శ్మశానాలవైపు నా కెమెరా తిరిగినది ఆ తరువాతనే.

తక్కిన చోట్ల సంగతి త్వరగా చెబుతాను. బందరులోను, భీమునిపట్నంలోను డచ్చివారి శ్మశానాలున్నవి. వర్తకులు తమ వంశచిహ్నాలను నల్లరాతి పలకల మీద లోతుగా చెక్కించుకొన్నారు కనుక, బందరులో 1864 నవంబరు ఉప్పెన సుమారు ముప్పదివేల మందిని పొట్టన పెట్టుకొన్న తరువాత కూడా ఆ రాతలు చదువదగి ఉన్నవి. ఉప్పెనలో పోయిన ఆ ముప్పదివేల మంది పేర్లు ఏ రాతిమీదా లేవు. మన భాషకు నిఘంటువు కూర్చిన సి. పి. బ్రౌను, మన్రో గవర్నరుగా వచ్చిన 1820లోనే కడప చేరినవాడు, 1884లో లండనులో మరణించి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నాడు. అక్కడికి వెతుక్కొని పోయి ఆ సమాధి ఫొటో తీసుకొనే తెలుగువారు నేడున్నారు. వారినెవరైనా “ఇక్కడ మీవాళ్ళున్నారా?” అని అడిగితే ఉన్నారనే చెబుతారనుకొంటాను.

ఈ పని చేయదలచినవారికి నా అనుభవంలో తేలిన రెండు మూడు సంగతులు. నేడు ప్రతివారి చేతి ఫోనులోను కెమెరా ఉన్నది కనుక సాధనం కొరత లేదు, కొరత ఓపికకే. అక్షరాలు స్పష్టం కావాలని సుద్ద పూయటం, ఇనుపకుంచెతో నాచు గోకటం మహాపాపం. ఒకసారి చదువుకోవటానికి రాతిని శాశ్వతంగా చెరచినట్లవుతుంది. మెత్తని కుంచె, నీళ్ళు చాలు. పూర్వం శాసనాల ప్రతి తీసేవారు తడిపిన కాగితాన్ని రాతిమీద పరచి, కుంచెతో కొట్టి, మసి అద్దేవారు. అది చేయి తిరిగినవారి పని. ఛాయాచిత్రానికి రాతిని తాకవలసిన అవసరమే లేదు. ముందు ఆవరణ అంతా ఒక చిత్రం, తరువాత సమాధి నాలుగువైపులా, చివరకు అక్షరాలు – ఈ వరుసలో తీస్తే ఏ రాయి ఎక్కడిదో రేపు చూచేవానికి తెలుస్తుంది. ప్రతి చిత్రానికి ఊరు, తేదీ, రాయి ముఖం ఏ దిక్కుకున్నదీ వ్రాసిపెట్టవలె. అది వ్రాయని చిత్రాలు నా పెట్టెలోనే కొన్ని వందలున్నవి. అవి ఎక్కడివో ఇప్పుడు నాకే తెలియదు.

దర్గాకు పోతే ముజావరును అడగవలె. వద్దంటే కెమెరా మూసి, దండం పెట్టి రావలె. మన్ను ఇంకా ఆరని సమాధిని, దాని దగ్గర కూర్చున్నవారిని తీయరాదు. పాతదనం ఎన్నేండ్లకు వస్తుందని నన్నొక మిత్రుడు అడిగినాడు. దానికి లెక్క లేదు. ఏడ్చేవారు ఉన్నంతకాలం అది కొత్తదే.

గుత్తి చిత్రాలను కాగితం మీద వేయించి ఇంటికి తెచ్చినప్పుడు మా అమ్మ కళ్ళజోడు పెట్టుకొని ఒక్కొక్కటే చూచినది. మన్రో సమాధిని చూచి ప్రక్కన పెట్టినది. అద్దపు వెలుగులో తీసిన పలక దగ్గర ఆగి, ఇదేమని అడిగినది. చెప్పినాను.

“ఆ తల్లి మళ్ళీ ఎప్పుడైనా వచ్చి చూసుకొనిందా నాయనా?”

పటాలం ఒక ఊరినుండి మరొక ఊరికి మారుతూ ఉండేదనీ, రెండవసారి వచ్చి ఉండదనీ నా ఊహ. ఆ మాట చెప్పలేదు, తెలియదన్నాను.

“పేరన్నా తెలుసుకో” అన్నది.

గుత్తి ఉన్న అక్షాంశానికి సూర్యుడు మే నెల మొదలుకొని ఆగస్టు రెండవ వారం వరకు నడినెత్తికి ఉత్తరంగా నడుస్తాడు. ఆ రోజులలో ఉత్తరముఖపు పలకకు కూడా ఎండ ప్రక్కనుండి ఒరుసుకొంటూ తగులుతుంది, అద్దం అవసరం లేకుండా. మే నెలలో గుత్తి బండల మీది వేడి ఎట్లా ఉంటుందో తెలియనివాడిని కాను. ఈసారి ఆ నెలలోనే పోవలెనని సెలవుకు వ్రాసుకొన్నాను.